వెళ్తే ఇది వెళ్ళాలి గానీ, వాడెందుకు వెళ్తాడు?

తమ్ముడు కనపడట్లేదని తెలిసిన సాయంత్రం మా పెద్దమ్మ అన్న మాట ఇది. నన్ను చూపించి మరీ అంది. కోపం రాలేదు. నిజానికి ఆ గదిలో ఉన్న అందరూ అదే అనుకుంటున్నారు, నాతో సహా.

2020 జనవరి అది, సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరిచిన వారం. మేం సికింద్రాబాద్ వారాసిగూడలో అద్దెకుండేవాళ్ళం. నాన్న నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు, అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుట్టేది. నాకు పదిహేడు, తమ్ముడికి పదమూడు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్కుల్లో తప్పులు, బోర్డు ముందు ధర్నాలు, పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు. ఆ ఫలితాల్లో నేను లెక్కల్లో ఫెయిలయ్యాను. ఫెయిలైన వాళ్ళందరికీ ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ దిద్దిస్తే అందులోనూ ఫెయిలే. అప్పటి నుంచి ఇంట్లో నా మీద కాపలా. బాత్రూంలో రెండు నిమిషాలు ఎక్కువుంటే తలుపు కొట్టేవాళ్ళు. నేనూ తక్కువేం తినలేదు. అన్నం కంచం విసిరేసిన రోజులున్నాయి. కాలేజీకని బయల్దేరి ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కి, లింగంపల్లి దాకా పోయి వచ్చిన రోజులున్నాయి. ‘దీన్ని ఎర్రగడ్డకు తీసుకుపోవాలె’ అని నాన్న అరిచేవాడు. తర్వాత నిజంగానే ఆ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నాతో మా ఇంట్లో అందరికంటే మర్యాదగా మాట్లాడింది, అది వేరే విషయం.

ఇంత గోలలో తమ్ముడు బంగారం. అడిగింది చేస్తాడు, పెట్టింది తింటాడు, మాట్లాడడు. వాడి వైపు చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఆ గురువారం ఏడయినా వాడు రాలేదు. అమ్మ స్కూల్‌కి ఫోన్ చేస్తే, సెలవుల తర్వాత అసలు రాలేదన్నారు. మెసేజీలు పంపామన్నారు. పంపారు కూడా. నాన్న కీప్యాడ్ ఫోన్లో చదవని మెసేజీలు వందల్లో ఉంటాయి, వాటిలో ఉన్నాయి. నేను వాడి క్లాస్‌మేట్ ఇంటికి పరిగెత్తాను. వాళ్ళమ్మ ముందు ఆ పిల్లాడు నోరు విప్పలేదు. మెట్ల దగ్గరికి తీసుకొచ్చి అడిగితే చెప్పాడు: ఫీజు కట్టలేదని డిసెంబర్ నుంచి వాణ్ణి క్లాసు బయట నిలబెడుతున్నారట. రోజూ మొదటి రెండు పీరియడ్లు. ఇంట్లో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

మిర్యాలగూడ దగ్గర ఊళ్ళో మా అమ్మమ్మకి ఫోన్ చేశాం. ‘ఈడికి రాలే బిడ్డా’ అని ఆమె ఏడుపు మొదలుపెట్టింది. దాంతో ఆ వైపు కొట్టేశాం.

రాత్రి తొమ్మిదింటికి పోలీస్ స్టేషన్. బెంచీ మీదున్న కానిస్టేబుల్ మామూలు పాటే పాడాడు. ‘పొద్దుటి దాంక చూడుండ్రి. పోరలు అలుగుతరు, వస్తరు. ఇరవై నాలుగు గంటలైతే రాసుకుంటం.’ ఇది చదివేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. పద్దెనిమిది లోపు పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని, ఎవరో ఎత్తుకెళ్ళి ఉంటారనో అమ్మేసి ఉంటారనో అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాత్రి నాకిదేం తెలీదు. మాకు పనికొచ్చింది వేరే. అప్పటికి రెండు నెలల కిందటే శంషాబాద్ దగ్గర ఓ యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య, ఆ దిశ ఘోరం జరిగింది. ‘మా పరిధి కాదు’ అని ఆ అమ్మాయి ఇంటివాళ్ళని తిప్పారని రాష్ట్రమంతా మండిపడింది, పోలీసులు సస్పెండయ్యారు. మా ఇల్లు ఒక స్టేషన్ కింద, స్కూలు ఇంకో స్టేషన్ కింద. లోపలి నుంచి ఎస్సై బయటికొచ్చి, ‘పరిధి సంగతి తర్వాత చూద్దాం, ముందు రాసుకో’ అన్నాడు.

సెక్షన్ 363 అని రాశారు. కిడ్నాప్ అనగానే నాన్న బెదిరిపోయాడు. ‘మాకు ఎవ్వరితోని కొట్లాట లేదు సార్’ అని దణ్ణం పెట్టాడు. చిన్నపిల్లల మిస్సింగ్‌కి ఆ సెక్షనే పెడతారని, ఎవరి మీదా కేసు పెట్టినట్టు కాదని రైటర్ విడమరిచి చెప్పాడు. ఇప్పుడైతే ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది కాబట్టి అది 137. ఎఫ్‌ఐఆర్ కాపీ పైసా లేకుండా ఇస్తారు. అడిగి తీసుకోండి. తర్వాత ప్రతి గడప దగ్గరా అదే అడుగుతారు.

ఫారం నింపడం దగ్గర మా ముగ్గురి పరువూ పోయింది. ఎత్తెంత? తెలీదు. ఏ రంగు చొక్కా? యూనిఫాం వేసుకునే వెళ్ళాడనుకుంటున్నాం, ఇంటికొచ్చి చూస్తే యూనిఫాం మంచం కింద ఉంది. ఫ్రెండ్స్ ఎవరు? అప్పుడే తెలిసిన ఆ ఒక్కడు. ఫోటో అడిగితే అమ్మ పర్సులోంచి ఐదో తరగతి పాస్‌పోర్ట్ ఫోటో తీసింది. నా ఫోన్ వెతికాను. ఇంట్లో ఫోటోలు తీసేది వాడే కాబట్టి వాడు ఏ ఫోటోలోనూ లేడు. చివరికి బతుకమ్మ నాటి ఫోటో ఒకటి దొరికింది, ఓ మూలన సగం ముఖం. గుర్తులేమైనా ఉన్నాయా అన్నప్పుడు మాత్రం అమ్మ తడుముకోకుండా చెప్పింది, ‘కుడి మోకాలి కింద సైలెన్సర్ కాలిన మచ్చ’.

తర్వాత ఎస్సై నా వైపు తిరిగాడు. నీ ఫోన్ ఇవ్వు. నీ ఫ్రెండ్స్ ఎవరు? తమ్ముణ్ణి ఎవరింటికైనా పంపావా? మా పెద్దమ్మ అన్నదే ఖాకీ బట్టల్లో విన్నాను. ‘గాంధీల కూడా ఒకసారి చూసుకోండి’ అన్నాడు కానిస్టేబుల్, మేం లేస్తుంటే, మందుల షాపులో అడగమన్నంత తేలిగ్గా. ఆ రాత్రి నాన్న, బాబాయి గాంధీ ఆసుపత్రి మార్చురీకి వెళ్ళొచ్చారు. అక్కడేం చూశాడో నాన్న ఇప్పటిదాకా చెప్పలేదు.

నేను పడుకోలేదు. వాట్సాప్ మెసేజ్ తయారుచేశాను: పేరు, వయసు, సగం ముఖం ఫోటో, మోకాలి కింద మచ్చ, నా నంబర్, ‘దయచేసి షేర్ చేయండి’. తెల్లారేసరికి అది మా చుట్టాలందరినీ దాటి ఎక్కడికో పోయింది. పొద్దున ఆరున్నరకి ఫోన్. ‘నీ తమ్ముడు మా దగ్గరున్నాడు, తిండి పెట్టాం, ఐదు వేలు ఫోన్‌పే చెయ్, బస్సెక్కిస్తాం.’ అమ్మ అప్పుడే చెవి దుద్దులు తీస్తోంది. మాట్లాడించండి అంటే నిద్రపోతున్నాడన్నాడు. మచ్చ ఎడమ కాలికా, కుడి కాలికా అని అడిగాను. మెసేజ్‌లో కాలు పేరు రాయలేదు లెండి, అది నా తెలివి కాదు, తొందరలో మర్చిపోయాను. ఎడమ అన్నాడు. అలాంటి కాల్స్ ఇంకా వచ్చాయి. పిల్లాడు తప్పిపోయిన ఇంటిని దోచుకోవడానికి కూడా మనుషులు పొద్దున్నే లేస్తారని తెలిసింది.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయటపడ్డాను. సీతాఫల్‌మండి ఎంఎంటీఎస్ స్టేషన్. క్లాసు ఎగ్గొడితే వానలో తడవకుండా, ఎవరూ పలకరించకుండా రోజంతా గడపాలంటే ఈ ఊళ్ళో ఐదు రూపాయల టికెట్‌ని మించింది లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ప్లాట్‌ఫాం మీద సమోసాలమ్మే ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఫోటో చూపిస్తే, ‘ఈ బాబా? రోజూ పొద్దున ఫలక్‌నుమా పోయే బండి ఎక్కుతడు. మీ తమ్ముడా?’ అన్నాడు. నేను లేడీస్ పెట్టెలో కూర్చున్న రోజుల్లో వాడు వెనక పెట్టెలో ఉండి ఉండొచ్చు.

సికింద్రాబాద్ పెద్ద స్టేషన్‌కి వెళ్ళాను. రిపబ్లిక్ డే ముందు రోజులు, మెటల్ డిటెక్టర్లు, కుక్కలు, ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు పోలీసులు కిక్కిరిసి ఉన్నారు. బోయిగూడ వైపు పదో నంబర్ ప్లాట్‌ఫాం దగ్గర కొంచెం వదులు. స్టేషన్‌నే ఇల్లు చేసుకున్న పిల్లలు అప్పట్లో అక్కడే ఉండేవాళ్ళు. ఖాళీ బాటిళ్ళు ఏరుకుంటూ, జేబురుమాలులో మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ పోసుకుని పీలుస్తూ. పెద్దవాళ్ళు అడిగితే వాళ్ళు ఏమీ చెప్పరు. నా అవతారం చూసి నన్నూ వాళ్ళలో ఒకదాన్ననుకున్నారేమో, చెప్పారు. ‘కొత్త పోరడొస్తే మాకు ఎరుకైతది అక్కా. బ్యాగు పోరడు గదా? నిన్న దినమంత ఈడనే కూసున్నడు. ఫలక్‌నుమా ఎక్కిండు.’

ఫలక్‌నుమా. సమోసా ఆయన చెప్పిందీ అదే. ఇంకేం కావాలి? నేను ఎంఎంటీఎస్ ఎక్కి పాతబస్తీకి పోయాను.

కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ. ప్రతి స్టేషన్‌లో దిగాలనిపించింది. ఫలక్‌నుమాలో దిగి ఇంజన్‌బౌలి, శంషీర్‌గంజ్ వైపు ఫోటో పట్టుకుని తిరిగాను. ఆ గల్లీల్లో నా భయం వేరే. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందల మంది పిల్లల్ని బయటికి తీసుకొచ్చారు. ఎక్కువమంది బిహార్ వాళ్ళు, గాలి లేని గదుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా గాజులకి రాళ్ళు అతికిస్తూ. ఆ ఏడాదే దేశమంతా తప్పిపోయిన పిల్లల్ని వెతికి తెచ్చే కార్యక్రమాలు, జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ మొదలయ్యాయి. ఇవన్నీ చిన్నప్పుడు టీవీలో చూసినవి. మూసిన తలుపు కనపడితే చాలు, లోపల తమ్ముడు రాళ్ళు అతికిస్తున్నట్టే అనిపించేది. రెండు చోట్ల తలుపు కొట్టి తిట్లు తిన్నాను. పంక్చర్ షాపు ఆయన నా వాలకం చూసి మసీదుకి తీసుకెళ్ళాడు. సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక మైకులో తమ్ముడి పేరు, వయసు, బ్యాగు రంగు చెప్పించాడు. తెలుగు పేరుని వాళ్ళు పలికిన తీరుకి ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

చీకటి పడేసరికి మళ్ళీ సికింద్రాబాద్‌లో తేలాను. ఏం చెయ్యాలో తోచక పదో నంబర్ ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుంటే రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) మేడం వచ్చి నిలబడింది. ‘ఒక్కదానివే ఉన్నవ్? టికెట్ ఏది? ఏ ఊరు?’ తమ్ముణ్ణి వెతుకుతున్నానన్నాను. ‘అందరూ ఏదో ఒకటి చెప్తరమ్మా’ అని చెయ్యి పట్టుకుని పిల్లల హెల్ప్‌డెస్క్‌కి నడిపించింది. అక్కడ కూర్చున్నావిడ మంచినీళ్ళు, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, రిజిస్టర్ తెరిచి నా పేరు రాయడం మొదలుపెట్టింది. పద్దెనిమిది నిండలేదు, పెద్దవాళ్ళు వెంట లేరు, కాగితం లేదు. చట్టం లెక్కలో నేను దొరికిన పిల్లని.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫోటో ఫోన్లో ఉంది కాబట్టి బతికిపోయాను. అది చూశాక ఆవిడ పేజీ తిప్పింది. స్టేషన్లో నన్నెవరూ అడగని ప్రశ్నలు అడిగింది. జేబులో ఎంత ఉండొచ్చు? ఆకలేస్తే అడుగుతాడా, ఊరుకుంటాడా? ఇంట్లో ఎవరికి భయపడతాడు? పేరడిగితే ఏం చెప్తాడు?

‘వాడి పేరే చెప్తాడు. మావాడు అబద్ధమాడడు’ అన్నాను.

ఆవిడ నవ్వింది. ‘స్టేషన్ల దొరికిన పిల్లగాడు సొంత పేరు చెప్పంగ నేనింత వరకు చూడలే. పేరు పట్టుకుని దేవులాడితే దొరకడు.’

పదో ప్లాట్‌ఫాం పిల్లలు చెప్పింది చెప్పాను. ఆవిడ పెన్ను ఆపింది. ‘ఎన్ని గంటలకు ఎక్కిండన్నరు?’ సాయంత్రం అన్నారు. ‘సాయంత్రం నాలుగింటికి పోయేది హౌరా ఫలక్‌నుమా బిడ్డా. ఎక్స్‌ప్రెస్.’ సికింద్రాబాద్ నుంచి హౌరాకి పోయే ఆ బండి నల్లగొండ, మిర్యాలగూడ, గుంటూరు, విజయవాడ మీదుగా పోతుంది. మిర్యాలగూడ అనగానే నాకు కాళ్ళు వణికాయి. వాడు అమ్మమ్మ దగ్గరికే బయల్దేరాడు. మరి చేరలేదెందుకు?

ఆవిడ ఆ దారిలో ఉన్న డెస్కులన్నిటికీ వాట్సాప్ పెట్టింది. పేరు రాయలేదు. పదమూడేళ్ళు, సన్నగా ఉంటాడు, స్కూల్ బ్యాగు, కుడి మోకాలి కింద కాలిన మచ్చ. ఈలోపు నాన్నకి కబురెళ్ళింది. వస్తూనే చెయ్యెత్తాడు. ఆర్పీఎఫ్ మేడం మధ్యలోకొచ్చింది. రిజిస్టర్లో ‘పై బాలికను అప్పగించుకున్నాను’ అన్న చోట సంతకం పెట్టించుకున్నారు. తమ్ముడి కోసం రెండు రోజులుగా తిరుగుతున్న మా నాన్న ఆ రాత్రి సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నది నన్ను.

శనివారం పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. విజయవాడలో గురువారం రాత్రి ప్లాట్‌ఫాం మీద ఓ పిల్లాణ్ణి ఆర్పీఎఫ్ వాళ్ళు పట్టుకున్నారు. పేరు వేరే చెప్తున్నాడు, అమ్మానాన్న లేరంటున్నాడు, ఊరు గుంటూరంటున్నాడు. మచ్చ ఉంది. ఆ పేరేంటని అడిగితే చెప్పింది. వాడి క్లాసులో ఫస్ట్ ర్యాంక్ వచ్చే పిల్లాడి పేరు.

జరిగింది ఇంతే: మిర్యాలగూడలో దిగాలని ఎక్కి నిద్రపోయాడు. లేచేసరికి విజయవాడ. టికెట్ లేదు, టికెట్ లేకపోతే జైల్లో వేస్తారని విన్నాడు, నాన్నకి ఫోన్ చేస్తారని అంతకంటే భయం.

దొరికాడు కదా, వెళ్ళి తెచ్చుకోవడమే అనుకున్నాం. అలా ఉండదు. దొరికిన పిల్లల్ని ప్రయాణ సమయం తీసేసి ఇరవై నాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. ఆ తర్వాత కమిటీ ఆర్డరు లేకుండా సొంత తల్లికి కూడా ఇవ్వరు. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆధార్‌లు, వాడి బర్త్ సర్టిఫికెట్, స్కూల్ నుంచి బోనఫైడ్, అందరం కలిసున్న ఫోటో. ఫీజు బాకీ ఉంటే బోనఫైడ్ ఇవ్వమన్నారు స్కూలు వాళ్ళు. ఎస్సై ఒక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో ఇచ్చారు. ఎంజీబీఎస్‌లో బస్సెక్కాం. మేడారం జాతర దగ్గర పడుతోంది, బస్టాండంతా బంగారం మూటలు కట్టుకున్న జనం. సమ్మక్కకి అమ్మ బస్సులోనే నిలువెత్తు బంగారం మొక్కుకుంది. అంటే వాడి బరువంత బెల్లం. వాడి బరువెంతో ఆమెకి తెలుసు మరి, ఎత్తు తెలీకపోయినా.

మర్నాడు ఆదివారం, పైగా జనవరి 26. పిల్లాడు తెలంగాణ వాడు, ఇంటి పరిస్థితి మీద హైదరాబాద్ నుంచి రిపోర్టు రావాలన్నారు. సోమవారం దాకా ఆగాం. ఇంతలో హోంలో కాసేపు చూడనిచ్చారు. వాడు హోం వాళ్ళిచ్చిన టీషర్ట్‌లో ఉన్నాడు, భుజాల మీద వదులుగా వేలాడుతోంది. అమ్మ ముఖమంతా తడుముతూ ఏడుస్తుంటే వాడు నాన్న వైపు చూడకుండా నన్నడిగాడు, ‘అక్కా, ఫీజు కట్టిన్రా?’

కమిటీ వాళ్ళు వాడితో ఒక్కడితోనే తలుపేసుకుని మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచారు. ఫీజు బాకీ ఎంత అని ఓ మేడం నాన్నని అడిగింది. ఆరు వేల ఐదు వందలు. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లాణ్ణి ఫీజు కోసం బయట నిలబెట్టడం తప్పని, ఫిర్యాదు చేసుకోవచ్చని, సర్కారు బడిలో వేసినా తప్పులేదని చెప్పింది. నాన్న తల ఊపాడు. అప్పుడామె నన్ను చూసింది. ‘ఈ అమ్మాయి ఏం చదువుతోంది?’ నాన్న నీళ్ళు నమిలాడు. ఆర్డరులో ఇద్దరికీ కౌన్సెలింగ్ అని రాశారు. తెచ్చుకోవడానికి వెళ్ళింది ఒక్కడిని, కాగితం మీద ఇద్దరం ఎక్కాం. అమ్మానాన్న రాసిచ్చిన హామీ పత్రం మీద సాక్షి సంతకం పెట్టబోతే, ‘నీకింకా మైనారిటీ తీరలేదమ్మా’ అని పెన్ను తీసేసుకున్నారు.

వచ్చాక స్టేషన్లో వాడి స్టేట్‌మెంట్ రాసుకుని కేసు మూసేశారు. ఇది కూడా చేయించుకోవాలి, లేకపోతే రికార్డులో పిల్లాడు తప్పిపోయినట్టే ఉంటాడు. వాణ్ణి దగ్గర్లోని సర్కారు బడిలో వేశారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అన్ని బడులూ ఒకటైపోయాయి. నేను ఆ తర్వాత ఇంటర్ పాసయ్యాను. ఆ ఏడాది ఫెయిలైన వాళ్ళందర్నీ పాస్ చేశారు కాబట్టి దీని గురించి మా ఇంట్లో ఎవరూ గొప్పలు చెప్పుకోరు.

అవసరం పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్యండి. 2023 నుంచి దాన్ని రాష్ట్ర ప్రభుత్వాలే నడుపుతున్నాయి, ఎమర్జెన్సీ నంబర్ 112తో కలిపారు. రైల్లోనో స్టేషన్‌లోనో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139. ఇంట్లో పిల్లలకి ఆర్నెల్లకోసారైనా తిన్నగా ముఖం కనిపించే ఫోటో తీసి పెట్టుకోండి. మెసేజ్‌లు పంపితే అందులో తేదీ రాయండి, దొరికాక దొరికాడని ఇంకో మెసేజ్ కూడా పంపండి. అయినా మొదటిది వెళ్ళినంత దూరం రెండోది వెళ్ళదు.

మా మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంది. వరంగల్ నుంచి చేశారు, సూరత్ నుంచి చేశారు. రెండేళ్ళ తర్వాత ఓ రాత్రి కువైట్ నుంచి ఒకాయన చేశాడు. నేను వంటింట్లో ఉంటే తమ్ముడు ఎత్తాడు. ‘అన్నా, ఆ పిల్లగాణ్ణి నేనే. దొరికిన. ఇంట్లనే ఉన్న’ అంటున్నాడు. అవతలాయన నమ్మట్లేదు. స్పీకర్ ఆన్ చేశాడు.

‘నువ్వే అయితే మోకాలి కింద మచ్చ ఉండాలి కదా. ఉందా?’

తమ్ముడు ప్యాంటు పైకి లాగి చూసుకుని, ‘ఉందన్నా’ అన్నాడు.